పేరు లేని గాలి

"తుపాను పేరేంటండీ?" అని అడిగాడు ఆ కుర్రాడు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

మా తమ్ముడు నా మొహం చూశాడు. అంతకు వారం ముందు, మే నెల సాయంకాలం, పట్టుమని అరగంట కూడా వీచని గాలికి వాడి తోటలో పదకొండు మామిడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఇంకో నాలుగు రోజుల్లో కోత పెట్టాల్సిన సువర్ణరేఖ కాయంతా నేలపాలైంది. పశువుల శాల మీది రేకులు లేచి పక్కవాళ్ల పొలంలో పడ్డాయి. నష్టపరిహారం కోసమని ఇద్దరం ఒక కార్యాలయానికి వెళ్లాం. దరఖాస్తు ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోయింది.

"తుపాను కాదు బాబూ. గాలి. వైశాఖం గాలి" అన్నాను.

"పేరు లేకపోతే ఇది ముందుకెళ్లదండి. తుపానుకైతే జాబితా ఉంది, వడగళ్లకుంది. ఉత్త గాలికి లేదు."

ఆ పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. వాడు చెప్పింది నిజమే. విపత్తు సాయానికి కేంద్రం ఏళ్ల తరబడి పాటిస్తూ వచ్చిన జాబితాలో ఉన్నవి 12. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, మంచుచరియలు, మేఘవిస్ఫోటం, చీడల దాడి, చలిగాలులు. మంచు కొండలు విరిగిపడితే లెక్క ఉంది. సాలూరు కొండల మీంచి దిగి అరగంటలో తోటని తిరగేసి పోయే గాలికి లెక్క లేదు. స్థానిక విపత్తులని రాష్ట్రాలు ప్రకటించుకుని, విపత్తు నిధిలో పదో వంతు దాకా వాడుకోవచ్చని నిబంధన ఉందట. ఆ రోజు మా చేతిలో ఉన్న కాగితంలో మాత్రం దానికి గడి లేదు.

తిరుగు బస్సులో తమ్ముడు మాట్లాడలేదు. నేను ఆ ప్రశ్ననే తలుచుకుంటూ కూర్చున్నాను.

మా పుట్టిల్లు చీపురుపల్లికీ గరివిడికీ మధ్య పల్లె. నన్నిచ్చింది ఉద్దానంలో, కవిటి పక్క. ముప్ఫై మూడేళ్లు బడిపిల్లలకి పాఠాలు చెప్పాను. పుట్టింటి గాలీ తెలుసు, మెట్టినింటి గాలీ తెలుసు. ఈ గాలికి చరిత్ర రాసిన పుస్తకం మాత్రం ఇన్నేళ్లలో నా చేతికి రాలేదు. హుద్‌హుద్ తుపాను అంటే విశాఖలో చంటిపిల్లాడు కూడా చెబుతాడు. 2014 అక్టోబరు 12. తిత్లీ అంటే మా ఉద్దానంలో ఆడవాళ్లకి ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. 2018 అక్టోబరు 11. కానీ ఏటా అశ్వని కార్తెకీ రోహిణి కార్తెకీ మధ్య నాలుగైదు సార్లు వచ్చిపోయే గాలివాన మా ఇళ్లనీ తిండినీ పనులనీ తుపాన్ల కంటే ఎక్కువగా తీర్చిదిద్దింది అని నా నమ్మకం. తుపాను తరానికి రెండు మూడు సార్లొస్తుంది. ఇది ఏటా వస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పటి ఒక గాలి బాగా గుర్తు.

మధ్యాహ్నం మూడు గంటలయింది. ఆకు కదలడం లేదు. చెమట ఆరడం లేదు. మా మామ్మ అరుగు మీద కూర్చుని చోళ్లు చెరుగుతోంది. చేట ఎగరేసి, గింజలు పట్టి, మళ్లీ ఎగరేసి, ఒక్కసారి ఆపేసింది. పొట్టు ఎగరడం లేదు, తిన్నగా చేటలోనే పడుతోంది. పడమటి మొగాన చూసింది. కొండల మీద మబ్బు లేచి ఉంది, అడుగున నల్లగా, పైన గోపురంలా తెల్లగా. చేట పక్కన పెట్టి లేచింది.

"ఓలె గుంటా, బేగి పొయ్యిలో నీల్లు సల్లు. గాలొచ్చేత్తంది."

నాకు అర్థం కాలేదు. గాలేదీ? కానీ మామ్మ చెప్పాక అడగడం లేదు. పొయ్యిలో నీళ్లు చల్లాను. చుయ్యిమని ఆవిరి లేచింది. ఆవిడ ఒంగి కర్ర కర్రనీ తడిమి చూసింది, నిప్పురవ్వ మిగిలిందేమోనని. తాటాకు ఇళ్ల ఊళ్లో గాలి కంటే ముందు భయపడాల్సింది రవ్వకి. గాలి ఒక ఇంటి కప్పు పీకుతుంది, రవ్వ వీధి వీధినీ తినేస్తుంది. ఎండకాలం ఊళ్లు తగలబడినన్ని సార్లు మరెప్పుడూ తగలబడవు. ఆ వేళకి ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోయి ఉండాలి. ఎవరింట్లోంచైనా పొగ కనిపిస్తే ఎదురింటామె కేకేసేది. అది మా ఊరి చట్టం. ఎవరూ రాయలేదు, ఎవరూ మీరలేదు.

తరవాత చల్లటి గాలి ఒకటి కాళ్లకి తగిలింది. మన్ను తడిసిన వాసన, వాన ఇంకా ఎక్కడో ఉండగానే. ఆ వెనక గోడలా వచ్చింది. ఎర్రటి దుమ్ము, ఎండుటాకులు, ఎవరిదో చీర, విరిగిన కొమ్మ, అన్నీ కలిసి. మా అయ్య దూడని లోపలికి లాక్కొచ్చి తలుపు గడియ పెట్టాడు. ఉరుము ఉరిమినప్పుడల్లా మామ్మ అర్జునుడి పేర్లన్నీ వరసగా చదివింది. నేను ఇంటి నడుమనున్న నిట్రాడిని కావలించుకుని కూర్చున్నాను. ఆ కర్ర నా చేతుల్లో సన్నగా వణుకుతోంది, పశువు ఒళ్లు జలదరించినట్టు. పైన వాసాలు కిర్రుమంటున్నాయి. కప్పు ఊగింది గానీ లేవలేదు.

ఆ ఇల్లు చుట్టిల్లు.

ఇప్పటి పిల్లలకి చుట్టిల్లంటే రిసార్టుల్లో ఫొటోల కోసం కట్టేది. మా చిన్నప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా సముద్రపు ఒడ్డున, బీదాబిక్కీకి ఉన్న ఇల్లు అదే. గుండ్రటి మట్టిగోడ, అడుగున మందం, పైకి పోయేకొద్దీ పలచన. నడుమ నిట్రాడు. దాని కొస నుంచి గొడుగు పుల్లల్లా వాసాలు. వాటిమీద వెదురు బద్దలు, ఆపైన తాటాకో గడ్డో. చూరు ఎంత కిందికి దిగుతుందంటే పెద్దవాళ్లు నడుం ఒంచి దూరాలి. బయటివాళ్లు చూసి బీదరికం అనుకున్నారు. నిజానికి అది గాలికి చెప్పిన సమాధానం.

ఎలాగంటే, గాలి చదునైన గోడకి తగిలితే బలమంతా ఆ గోడ మీదే పడుతుంది. మూల దగ్గర తిరిగేటప్పుడు తెగిపోయి, వెనక వైపు పీల్చినట్టు లాగుతుంది. కప్పులు లేచిపోయేది ఎక్కువగా మూలల దగ్గరా, చూరు దగ్గరా. గుండ్రటి ఇంటికి మూలే లేదు. వచ్చిన గాలి రెండు పాయలై చుట్టూ జారిపోతుంది. కప్పు నిటారుగా శంకు ఆకారంలో ఉంటుంది కాబట్టి మీది నుంచి లాగే బలం తగ్గుతుంది. చూరు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి కింద నుంచి దూరి ఎత్తడానికి సందు దొరకదు. కాస్త దూరినా, తాటాకు కప్పు ఊపిరి పీలుస్తుంది. లోపల చేరిన గాలి ఆకుల సందుల్లోంచి బయటికి పోతుంది. ఇంజనీర్లు గాలి సొరంగాల్లో నమూనాలు పెట్టి తేల్చుకున్న సంగతి ఇది. మా ఊరి కప్పు నేసేవాళ్లు దాన్ని ఎన్ని కప్పులు పోగొట్టుకుని నేర్చుకున్నారో.

రెండు మూడేళ్లకోసారి కప్పు వేయించుకోవాలి. వేసవి గాలులు మొదలుకాకముందే, మాఘ ఫాల్గుణాల్లో, తాటికమ్మలు నరికి, వరసగా పరిచి, పైన బరువు పెట్టి చదును చేసేవారు. తాటినార రాత్రంతా నానబెట్టి, తడి మీదే కట్టేవారు. తడిసిన నార మెత్తగా వంగి చుట్టుకుంటుంది, ఎండేకొద్దీ బిగుస్తుంది. మా అయ్య ప్రతి ముడినీ రెండు వేళ్లతో లాగి చూసేవాడు. వదులుంటే మళ్లీ విప్పించేవాడు. కప్పు పూర్తయ్యాక పైనుంచి అడ్డంగా మోకులు వేసి, రెండు కొసలకీ రాళ్లు కట్టి వేలాడదీసేవాళ్లు. ఆ రాళ్లు నా ఎత్తుకి అందేవి. వాటిని ఊపి ఆడుకుంటే చెవి మెలేసేవారు.

నేను చూసిన ఆ గాలికి మా వీధి చివర ఉన్న పెంకుటింటి కప్పు సగం పోయింది. నాలుగు పలకల ఇల్లు, ఎత్తయిన గోడలు, మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మొదలెట్టిన పద్ధతి పెంకులు. మా వైపు బెంగుళూరు పెంకులనే వాళ్లం. ఊళ్లో కలిగినవాళ్లది ఆ ఇల్లు. మర్నాడు వాళ్లు మా అరుగు మీద కూర్చుని అంబలి తాగారు. ఎవరినీ చిన్నచెయ్యాలని చెప్పడం లేదు. ఆస్తి పెరిగేకొద్దీ మనుషులు నాలుగు పలకల ఇళ్లకి మారారు, అది సహజం. తరవాత రేకులొచ్చాయి. చవక, వానకి కారవు. కానీ గాలికి లేచిన తాటాకు ఒంటి మీద పడితే గీసుకుంటుంది. లేచిన రేకు పీక తెగ్గోస్తుంది. డాబా ఇల్లు వచ్చాకే మావాళ్లు వైశాఖంలో ఆదమరిచి నిద్రపోతున్నారు. ఆ నిద్ర అందరికీ దొరకాలని కోరుకుంటాను. చుట్టిళ్లు పోయాయని ఏడ్చే మనిషిని కాను. ఆ తెలివి ఎక్కడా రాసి ఉంచకుండా పోవడమే నాకు బాధ.

మరి ఈ గాలి ఎక్కడ పుడుతుంది? మా మామ్మ చూసిన మబ్బులోనే ఉంది జవాబు. ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతం మీంచి తేమగాలి నేలబారుగా లోపలికి వస్తుంది. దానిపైన, పడమట పీఠభూమి మీంచి పొడిగాలి వస్తుంది. మధ్యాహ్నానికి కొరాపుట్, రాయగడ కొండలు పెనంలా కాగుతాయి. కింది తేమగాలి ఆ వేడికి పైకి తన్నుకుపోయి, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు మబ్బవుతుంది. అందులో చినుకులూ వడగళ్లూ తయారై కిందికి పడేటప్పుడు, దారిలో ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి దబ్బున కూలుతుంది. నేలకి తగిలి, కడవ బోర్లించినప్పుడు నీళ్లు పరుచుకున్నట్టు, అన్ని వైపులకీ పరుచుకుంటుంది. వాన కంటే ముందు మన కాళ్లకి తగిలేది అదే. మబ్బులు పైగాలుల వెంట సముద్రం వైపు నడుస్తాయి కాబట్టి, మాకు ఎక్కువగా పడమర నుంచో వాయవ్యం నుంచో వస్తుంది. మనవాళ్లు ఆ మూలకి వాయుదేవుడి పేరు ఊరికే పెట్టలేదనిపిస్తుంది నాకు.

ఇలాంటి మబ్బులే ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీద లేచి బెంగాల్ వైపు వెళ్తే బెంగాలీలు కాలబైశాఖి అంటారు. వాళ్లు దానికి పేరు పెట్టుకున్నారు, పాటలు కట్టుకున్నారు. అస్సాంలో బర్దోయిసిలా అని ఆడపడుచుని చేసుకున్నారు, పుట్టింటికి వచ్చిపోయే ఆడపిల్ల అట ఆ గాలి. అదే కుటుంబానికి దక్షిణపు కొసన ఉన్నాం మేము. మా దగ్గర మాత్రం అది ఉత్త "గాలోన". గాలివాన అని పూర్తిగా పలికే తీరిక కూడా ఇవ్వదు. తెలుగు కథకి ప్రపంచంలో పేరు తెచ్చింది పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" అని, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో బహుమతి వచ్చిందని పిల్లలకి ప్రతి ఏడూ చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా వాళ్లు తమ ఇంటి గాలివాన సంగతులే ఎత్తుకునేవారు. పాఠం పక్కదారి పట్టేది. పట్టనిచ్చేదాన్ని.

గాలిని లెక్కపెట్టే పని మన తీరంలో ఎప్పుడో మొదలైంది, కానీ ఎవరి కోసం మొదలైందో చూడాలి. సైక్లోన్ అనే మాటని 1848లో వాడుకలోకి తెచ్చింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే పాత ఓడ కెప్టెను. ఆయన తవ్వి తీసిన సంగతుల్లో మన కోరింగి రేవుని 1789లో ముంచిన ఉప్పెన ఉంది. 1864లో కలకత్తా తుపాను, ఆ వెంటనే నవంబరులో బందరు ఉప్పెన, ఆ తరవాత 1866, 1871లలో వానలు లేక కరువు. వీటన్నిటి మీదట 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. మరుసటేడు అక్టోబరులో విశాఖపట్నాన్ని ఒక తుపాను కొట్టింది. జాన్ ఎలియట్ దాని మీద నివేదిక రాశాడు. కానీ అదే నెలాఖరున బెంగాల్లో బాకర్‌గంజ్ తుపాను లక్షల్లో ప్రాణాలు తీసింది. రెండిటికీ కలిపి ఒకటే నివేదిక. మన తుపాను ఆ పెద్ద చావు నీడలో పడిపోయింది.

మనవాళ్లూ చూడకపోలేదు. విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో వేధశాల పెట్టారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని ఎత్తుకుని, 1892లో కన్నుమూసేదాకా నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ గమనిస్తూ వచ్చారు. ఆ మామా అల్లుళ్ల పేర్లు మన జిల్లాల పిల్లలకి తెలియాలి. అయితే ఒక చోట పెట్టిన పరికరం దాని పక్కనుంచి పోయే గాలినే పట్టుకోగలదు. గాలివాన నడిచే దారి ఒక్కోసారి అయిదారు మైళ్ల వెడల్పు. విశాఖలో ముల్లు కదలని సాయంకాలం గజపతినగరంలో చెట్లు కూలుతాయి. వాతావరణ శాఖ లెక్కలో ఒక గాలిని చండగాలి అనాలంటే అది ఉన్నట్టుండి గాలివేగపు కొలతలో మూడు మెట్లు హెచ్చి, గంటకి 40 కిలోమీటర్లు దాటి, కనీసం ఒక నిమిషం నిలవాలి. ఆ నిమిషం కొలమానం ఉన్న చోట గడిస్తేనే కదా లెక్కకొచ్చేది.

ఇంకో సంగతి. రేవుల్లో ఓడలుండేవి. ఓడలో సరుకుండేది, సరుకుకి ఆసామి ఉండేవాడు. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడ మునిగితే ఎక్కడో ఒకచోట పుస్తకంలోకి ఎక్కేది. చుట్టిల్లు లేచిపోతే ఎవరి పుస్తకంలోకి ఎక్కుతుంది? మా ప్రాంతమే పుస్తకాల్లో ముక్కలుగా ఉండేది. ఉత్తరాన సగం గంజాం జిల్లా కింద, దక్షిణాన సగం విశాఖ జిల్లా కింద. శ్రీకాకుళం జిల్లా అయింది 1950 ఆగస్టు 15న. విజయనగరం 1979 జూన్ 1న. పాత జిల్లా గ్రంథాల్లో కరువులకీ తుపాన్లకీ పేజీలున్నాయి. వైశాఖపు గాలికి చోటు దొరకలేదు. మా మామ్మ లెక్కే వేరు. "మీ సిన్నాన్న పుట్టిన ఏడు గాలి", "పెద్ద సింతసెట్టు పడ్డ గాలి", "పెల్లి పందిరి ఎగిరిపోయిన గాలి". ఆవిడకి ఏటి గాలి ఆ ఏటికే. నిజం చెప్పాలంటే తుపాన్లకి మాత్రం పేర్లెప్పుడొచ్చాయి, మన సముద్రంలో 2004 నుంచే కదా! 1990 మే 9న కోస్తాని కొట్టి దాదాపు వెయ్యిమందిని పొట్టన పెట్టుకున్న తుపానుకి ఇప్పటికీ సంవత్సరమే పేరు.

మామిడి తోటలున్న ఊళ్లో గాలి మర్నాటి పొద్దు ఎలా ఉంటుందో చెప్పాలి. తెల్లారకముందే పిల్లలం గోనెసంచులు పట్టుకుని పరిగెత్తేవాళ్లం. చెట్టు మీదున్నంతవరకే కాయ కౌలుదారుది. గాలికి రాలింది ఏరుకున్నవాళ్లది. మా ఊళ్లో అదే మర్యాద. తడి నేల మీద సువర్ణరేఖ కాయలు భుజాన ఎర్రగా మెరుస్తూ, పక్కనే పణుకులు, కలెక్టరు కాయలు, పేరు తెలీని పీచుకాయలు. సంచి నిండితే గౌనులో పోసుకునేవాళ్లం. ఆ వేళ తోట గట్టు మీద కూర్చున్న కౌలుదారు మొహం పిల్లలం చూసేవాళ్లం కాదు. పూత మీద డబ్బు కట్టి, కాయ విజయనగరం చేరి రైలెక్కి ఢిల్లీ వైపు వెళ్తే అప్పు తీరుతుందని కూర్చున్నవాడు. ఇప్పుడు మా తమ్ముడి తోటలో నిలబడ్డప్పుడు ఆ మొహమే జ్ఞాపకం వచ్చింది.

గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అంటారు. మా మామ్మ ఒక్క కాయనీ కృష్ణుడికి వదల్లేదు. దెబ్బ తగిలిన కాయ ఒక్క రోజే ఆగుతుంది. నేలకి కొట్టుకున్న చెంప సాయంత్రానికి నల్లబడుతుంది, మర్నాటికి లోపలికి పాకుతుంది. కాబట్టి మధ్యాహ్నం లోపల వీధిలోని ఆడవాళ్లందరూ కత్తిపీటలు వేసుకుని అరుగుల మీద చేరేవారు. గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నది ఆవకాయకి. దెబ్బతిన్న భాగం తీసేయగా మిగిలింది మాగాయకి. మరీ చితికింది తొక్కుపచ్చడికి, ఆ రాత్రి పప్పులోకి. లేతకాయ చెక్కలు తరిగి, ఉప్పు రాసి, ఒరుగులకి. శ్రావణ భాద్రపదాల్లో కూర దొరకని రోజున ఆ ఒరుగు ముక్కలే చింతపండుకి బదులు పులుసులో పడేవి. ఏటేటా గాలి మాకు ఇచ్చిన తిండి అది.

అదే గాలి భీమాలిలో కన్నీళ్లు పెట్టించేది. లక్కవరపుకోట పక్క ఆ ఊరి మామిడి తాండ్ర పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. పండిన కాయ రసం తీసి, తీపి కలిపి, చాపల మీద పలచగా పూసి ఎండబెడతారు. ఆ పొర ఆరాక ఇంకో పొర. రోజుల తరబడి పొర మీద పొర. మంచి ఎండ ఒక్కటే వాళ్ల పెట్టుబడి. అలాంటి చోట మధ్యాహ్నం మూడింటికి దుమ్మూ ఆపైన వానా వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రసం మీద పడ్డ ఇసుక మళ్లీ తీయడానికి రాదు. కొండ మీద మబ్బు కనబడగానే చాపలు ఎత్తే పరుగు ఒకటుంది చూశారూ, అది చూసినవాళ్లకి తాండ్ర ముక్క నోట్లో పెట్టుకుంటే రుచి వేరేగా ఉంటుంది.

నౌపడ ఉప్పు మళ్లదీ ఇదే కథ. ఉప్పు పండేది మండు వేసవిలోనే. సముద్రపు నీరు మళ్లలో నిలిపితే ఎండా పొడిగాలీ కలిసి దాన్ని పీల్చేస్తాయి. కాబట్టి గాలి ఉప్పురైతుకి కూలీ లేకుండా పనిచేసే మనిషి. కానీ దాని వెనక ఒక్క గంట వాన వచ్చిందా, మడిలో తేలిన ఉప్పు తిరిగి నీరైపోతుంది. పోగు పెట్టిన గుట్టల మీద తాటాకు కప్పి ఉంచేది అందుకే. మా ఆయన తరపు బంధువొకాయన అక్కడ పనిచేసేవాడు. మబ్బు చూసిన రోజు అన్నం ముద్ద పట్టుకుని కూడా పడమటికే చూసేవాడు.

పెళ్లయి ఉద్దానం వచ్చాక నాకు కొత్త సంగతి తెలిసింది. ఉద్దానం అంటే ఉద్యానవనమే అంటారు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి, పనస. మా అత్తవారి పెరట్లోంచి చూస్తే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడేది. వేసవి గాలికి జీడిపిక్కలు రాలేవి, పనస కొమ్మ విరిగేది. కొబ్బరి మాత్రం ఒంగి మళ్లీ లేచేది. "దానికేం కాదమ్మా, అది గాలితో పుట్టింది" అనేవారు మా మామగారు. తిత్లీ ఆ మాటని అబద్ధం చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర, వజ్రపుకొత్తూరు మండలం తీరంలో దిగింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. పొద్దున్న తలుపు తీస్తే ఆకాశం మొత్తం కనబడింది. ఏ కొమ్మా అడ్డం లేదు. పెరట్లో అంత వెలుతురు నేను ఎన్నడూ చూడలేదు. ఆ వెలుతురుకి భయపడి తలుపు మళ్లీ వేసుకున్నాను.

ఏడు నెలలు తిరక్కుండానే, నడి వేసవిలో, ఫణి వచ్చింది. మా ఒడ్డు పక్కనుంచే వెళ్లి 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. దానికి పేరుంది కాబట్టి వారం ముందు నుంచీ అందరికీ తెలుసు. బస్సులొచ్చాయి, బళ్లలో అన్నాలు వండారు, ముసలివాళ్లని మోసుకెళ్లారు. ఆ పని చేసిన ప్రతి ఉద్యోగికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. నేను అడిగేది ఇంకొకటి. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డట్టు విపత్తుల సంస్థ లెక్క చెప్పింది. తొమ్మిదిమంది పోయారు. వారం తిరిగాక, మే 2 రాత్రి, రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో దుమ్ముగాలికి గోడలు కూలి వందమందికి పైగా పోయారు. మూడు రాష్ట్రాల్లో అంతమందిని తీసుకుపోయిన ఆ గాలులకీ పేరు లేదు. పొలంలో ఉన్న మనిషికి ముందు చెప్పడం ఇప్పుడు కొంత నయమైంది. రాడార్లు ఉన్నాయి, ఫోనుకి సందేశం వస్తోంది. మా తమ్ముడికీ వచ్చింది ఆ సాయంకాలం. వాడు ఇంట్లోకి పరిగెత్తాడు, బతికాడు. చెట్లని తీసుకుని పరిగెత్తలేడు కదా.

పడ్డ చెట్లు నరికించాక వాడు పశువుల శాలకి మళ్లీ రేకులు వేయనన్నాడు. గుండ్రంగా కట్టిస్తానన్నాడు, మట్టిగోడతో, తాటాకుతో. నేను పల్లెత్తు మాట అనలేదు, వాడి ఇష్టం. నేసేవాళ్ల కోసం నాలుగూళ్లు తిరిగాడు. చివరికి ఒక పెద్దాయన దొరికాడు. నడుం ఒంగిపోయింది, కళ్లు సరిగా ఆనవు. మనవడి బండి వెనక కూర్చుని వచ్చాడు. స్థలం చూపించి తమ్ముడు కొలతలు చెప్పబోయాడు, ఎన్ని పశువులు, ఎంత వెడల్పు, ఎంత ఖర్చవుతుంది అని. ఆయన వినలేదు. ఒంగి గుప్పెడు మన్ను తీసి వేళ్ల మధ్యనుంచి వదిలాడు, అది ఎటు పడుతుందో చూడబోయాడు. ఆ పూట గాలి లేదు, తిన్నగా కాళ్ల మీదే పడింది.

"మీకు గాలి ఎటునుంచి వత్తాది బావూ?" అని అడిగాడు.

తమ్ముడు సాలూరు కొండల వైపు చెయ్యి చాచాడు. ఆయన అటు వీపు పెట్టి నిలబడి, గుమ్మం ఎక్కడ రావాలో కర్రతో నేల మీద గీత గీశాడు.